అతుకు ఎక్కడ పడాలి

"అతుకు మాత్రం అగపడకూడదప్పా. మిగతాదంతా నీ ఇష్టం," అన్నాడు మోహన్, గ్రానైట్ మేస్త్రి దావూద్‌తో.

టీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని వస్తున్న లోహిత ఆ మాట విని ఒక్క క్షణం ఆగింది. పెళ్ళయి పదకొండేళ్ళయింది. ఇన్నేళ్ళలో మొగుడు వంటింటి గురించి ఇంత శ్రద్ధగా మాట్లాడగా ఆమె వినలేదు. ఉప్పు డబ్బా ఏదో చక్కెర డబ్బా ఏదో మూత తీసి చూస్తే తప్ప తెలియని మనిషి, ఇవాళ టేపు చేతబట్టుకుని "ఈ అంచు రవుండు చెయ్యాల", "ఆ మూల లెవెల్ సూడు" అంటూ ఒకటే హడావిడి. అంతా ఫోను పుణ్యం. కొత్త కొత్త వంటిళ్ళ వీడియోలు చూసి చూసి, పోయిన నెల మనుషుల్ని పిలిపించి వంటింటికీ హాలుకీ మధ్య గోడ కొట్టించేశాడు. చిత్తూరులో తమ వీధిలో ఓపెన్ కిచెన్ ఉన్న మొదటి ఇల్లు తమదేనని వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ చెప్పుకున్నాడు కూడా. ఇక మిగిలింది వంటగట్టు మీదున్న పాత కడప బండ తీసేసి నల్ల గ్రానైట్ వేయించడం.

ఆ గట్టు తూర్పు గోడ వెంబడి ఒకే వరసలో ఉంటుంది. కుడి చివర పొయ్యి. దాని పక్కన కూరలు తరగడానికీ పిండి కలపడానికీ కాస్త జాగా. ఆ తర్వాత సింకు. సింకు దాటాక, గోడ కొట్టేసిన చోటు మీదుగా హాల్లోకి కొత్తగా సాగదీసి కట్టించిన భాగం. అది సోఫాలో కూర్చున్నవాళ్ళకు ఎదురుగా కనిపిస్తుంది. సింకు ఇవతలిదంతా ఫ్రిజ్ చాటున ఉంటుంది. గట్టు పొడవు పదమూడడుగులు, దొరికే బండేమో పదడుగులు దాటదు. అంటే ఎక్కడో ఒకచోట రెండు బండలు కలవక తప్పదు. ఆ కలిసే చోటు ఏదన్నదే ఇప్పుడు తగువు.

"పొయ్యి కింద వద్దు నాయనా," అంది అత్త భారతమ్మ, తలుపు దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతూ. "ఆగ్నేయంలో అతుకు పడితే అన్నదమ్ములు ఇడిపోతారంటారు."

లోహితకు నవ్వొచ్చింది. మోహన్ వాళ్ళ అన్న పలమనేరులో ఉంటాడు. వాళ్ళిద్దరూ మాట్లాడుకుని నాలుగేళ్ళు. ఇప్పుడున్న పొయ్యి కింద మాత్రం కడప బండ ఏ అతుకూ లేకుండా ఏకంగా ఉంది. ఆ ముక్క పైకి అనకుండా అత్తకు టీ గ్లాసు అందించింది.

"సింకు కాడ నేనే వద్దంటా సార్," అన్నాడు దావూద్. "తూటు కోసేకాడ అతుకొస్తే బండకు బలముండదు. సందులోకి నీళ్ళు దిగతాయి. రేపు మీరు నన్నే తిడతారు."

"హాలు వైపు అసలే కుదరదు," అన్నాడు మోహన్. "వచ్చినోళ్ళకి ముందు అగపడేదే అది."

"అట్లయితే ఇంక ఈడే సార్." దావూద్ చెవి మీది చాక్‌పీసు తీసి పొయ్యికీ సింకుకీ నడుమ బండ మీద ఒక గీత గీశాడు. మోహన్ తల ఊపాడు. భారతమ్మ తల ఊపింది. మామ ఏకాంబరం పేపరు చాటు నుంచే ఊ కొట్టాడు. గీత సరిగ్గా లోహిత నిలబడే చోట పడింది.

నోరు తెరిచి చెప్పొచ్చు కదా అంటారేమో. చెప్పింది. "ఆడ నేను పిండి కలుపుతా గదండీ, కూరలు తరిగేది కూడా ఆడే," అంది.

"అందుకే అంటా ఉండేది," అన్నాడు మోహన్, మెచ్చుకుంటున్నట్టే. "నీ చేతి కిందుంటే ఎప్పటికప్పుడు తుడుసుకుంటావు. నీ శుభ్రం నాకు తెలీదా?"

తిట్టినా తిరిగి ఒక మాట అనొచ్చు. పొగిడి పని అప్పజెప్పేవాడిని ఏమనాలి? ఖాళీ గ్లాసులు పోగుచేసుకుని సింకు దగ్గరికి వెళ్ళింది.

విచిత్రమేమిటంటే, ఆమెకు ముందు కోపం రాలేదు, ఆశ్చర్యం వేసింది. పాత కడప బండకీ అతుకు సరిగ్గా అక్కడే ఉంది. దావూద్ గీసిన గీతకూ ఆ పాత సందుకూ మధ్య బెత్తెడు దూరం కూడా లేదు. ఆ సందుతో లోహితకు కొత్తకోడలిగా వచ్చిన నాటి నుంచీ పరిచయం. దోసెపిండి అందులోనే దిగుతుంది, రాగిపిండి అందులోనే ఇరుక్కుంటుంది, ఎండి గట్టిపడి వానాకాలం పులిసిన వాసన కొడుతుంది. ప్రతి ఆదివారం తలంటుకోబోయే ముందు పిన్నీసు మొనతో దాన్ని గీకి, వేడినీళ్ళు పోసి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దుతుంది. అయినా ఎర్రచీమలు బారులు కడతాయి. "చీమలెందుకు వస్తాయి? సరిగ్గా తుడిస్తే యాడివి?" అని మోహన్. "మా కాలంలో గట్టు అద్దం మాదిరి ఉండేది," అని భారతమ్మ. ఇద్దరూ ఊరికే అన్న మాటలే, మనసులో పెట్టుకుని అన్నవి కావు. లోహిత మాత్రం పెట్టుకుంది. చీమలను చూసినప్పుడల్లా తనలోనే ఏదో లోపం ఉందని లోలోపల కుమిలింది. సందు అక్కడెందుకుందని ఒక్కసారి కూడా అనుకోలేదు. ఇప్పుడనుకుంటుంటే, ఇన్నాళ్ళూ ఎందుకు అనుకోలేదా అని అదొక వింతగా ఉంది.

మామ ఈ ఇల్లు కట్టించి ముప్పయ్యేళ్ళు. అప్పటి మేస్త్రి వేరు, బండ వేరు, లెక్కలు వేరు. అయినా అతుకు మళ్ళీ అక్కడికే వచ్చి ఎలా పడింది? ఎవరు పడేశారు? భారతమ్మ పొయ్యి కింద వద్దంది, అంతే. దావూద్ సింకు దగ్గర వద్దన్నాడు. మోహన్ హాలు వైపు వద్దన్నాడు. లోహిత చేతి కింద పెట్టండని ఏ ఒక్కరూ అనలేదు. తలా ఒకరు తమ చోటు నుంచి దాన్ని కాస్త పక్కకు నెట్టారు. నెట్టేవాళ్ళు లేని చోటికి అది వచ్చి చేరింది. పోట్లాడదామన్నా ఎదురుగా మనిషి లేడు.

లోహిత పని చేసేది ఊరి బయట మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ల్యాబులో. తోతాపురి గుజ్జులో తీపెంత, పులుపెంత అని చూసి చెప్పడం ఆమె ఉద్యోగం. అక్కడా ఇలాంటిదే ఒకటుంది. ఆమె తీసిన రీడింగు చూసి కొత్త మేనేజరు ప్రతిసారీ "ఇది సార్ వాళ్ళెవరైనా ఒకసారి చూశారా?" అంటాడు. సార్ వాళ్ళెవరో వచ్చి అదే పరికరంలో అదే చుక్క వేసి అదే అంకె చెబుతారు. అప్పుడది నిజమవుతుంది. ఆ అవమానం రోజూ టిఫిన్ బాక్సుతో పాటు ఇంటికి మోసుకొస్తుంది గాని, ఆ ల్యాబు ఆమెకు ఒక మంచి అలవాటు నేర్పింది. గుజ్జు పులిసిపోతే ముందే ఎవరినీ తిట్టరు. కడిగేచోట కొంచెం, ఉడికేచోట కొంచెం, నింపేచోట కొంచెం తీసి చూస్తారు. తప్పు ఎక్కడుందో అదే చెబుతుంది.

గోడ పనికి తెచ్చిన ఇసుకకు కప్పిన ఫ్లెక్సీ ఒకటి మిద్దె మీద పడి ఉంది. పోయినేడు గంగజాతరకు వీధివాళ్ళు కట్టించినది. శుభాకాంక్షలు చెబుతూ వీధిలో మగవాళ్ళందరి ఫోటోలూ ఉన్నాయి, రెండో వరసలో నల్ల కళ్ళద్దాలతో మోహన్ కూడా. జరిగేది అమ్మవారి పండగ, అమ్మవారు తప్ప ఇంకో ఆడ మొహం లేదు. లోహిత దాన్ని కడిగి, ఆరబెట్టి, గట్టు కొలతకు కత్తిరించింది. బొమ్మలు అడుక్కి, తెల్లటి వీపు పైకి వచ్చేట్టు పరిచి అంచులకు టేపు వేసింది.

"బండకు దుప్పటి కప్పినావేమ్మా?" అంది భారతమ్మ.

"ఒకటి సూడాలత్తా."

"ఏం సూడాల?"

"తెలిస్తే సూసేదేముంది?"

భారతమ్మ ఆమెను ఒకసారి ఎగాదిగా చూసి జపమాల తీసుకుని కూర్చుంది. కోడలికి అప్పుడప్పుడూ ఇలాంటి పిచ్చి పడుతుందని ఆమెకు తెలుసు. ఒకసారి పాలు ఏ గిన్నెలో తొందరగా విరుగుతాయో చూస్తానని ఇంట్లో గిన్నెలన్నీ వరసగా పెట్టిన మనిషి.

బండ కోతకు ఇంకా వారం ఉంది. ఆ వారమంతా లోహిత ఎప్పటిలాగే వండింది. తొక్కలూ తుంపులూ ఏరేసేది, మరకలు మాత్రం తుడవలేదు. తుడవకుండా ఉండడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. చెయ్యి దానంతటదే గుడ్డ కోసం వెళ్ళేది, వెనక్కి లాక్కునేది. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారోనని బెరుగ్గా ఉండేది, మళ్ళీ దొంగతనంగా ఏదో గొప్ప పని చేస్తున్నట్టు సరదాగానూ ఉండేది. ఉదయం దోసెలు, పాపకు క్యారియరు, మామకు చక్కెర లేని టీ, తనకూ మోహన్‌కూ మధ్యాహ్నానికి కూరా చారూ, రాత్రికి సంగటి. మధ్యలో ఫ్యాక్టరీ. ఆదివారం పొద్దున టేపు ఊడదీసి, ఫ్లెక్సీ చుట్టి మిద్దె మీదికి తీసుకుపోయి ఎండలో పరిచింది.

పరిచి, దాని ముందు గొంతుక్కూర్చుని చూసింది. పొయ్యి పక్కన తాలింపు నూనె చుక్కలు, తను అనుకున్నన్ని లేవు. సింకు చుట్టూ నీళ్ళు ఎండిన చారలు. రెంటికీ నడుమ మాత్రం ఫ్లెక్సీ వీపు మీద తెలుపన్న మాటే లేదు. పసుపు మీద చింతపులుసు, దాని మీద బీట్‌రూట్, దాని మీద దోసెపిండి పొర, ఆ పొరను చీల్చుకుంటూ కత్తిగాట్లు. కడిగిన ఆకుకూర సింకు నుంచి తెచ్చి వేసిన దారి పొడవునా నీటి మరక. సంగటి ముద్దలు చేసేటప్పుడు ఎడమ చెయ్యి ఆనించే చోట ఫ్లెక్సీ నలిగి మెత్తబడి, అరచేతి ఆకారం పడింది. అంచున ఇంకో చోట పొడుగ్గా అరిగింది. అదేమిటో మొదట అర్థం కాలేదు. లేచి నిలబడి, గట్టు ముందు నిలుచున్నట్టు ఊహించుకుని, నడుము కాస్త ముందుకు వంచి చూస్తే తెలిసింది. అలసిపోయినప్పుడు పొట్ట ఆనించి నిలబడే చోటు అది.

సింకు దాటాక హాలు వైపు భాగం పాలలా తెల్లగా ఉంది. అక్కడ ఒకే ఒక్క గుండ్రటి టీ మరక. మోహన్ గ్లాసుది. రోజూ ఒకే చోట పెట్టినట్టున్నాడు, వలయం బాగా ముదిరింది.

లోహితకు భలే సంతోషం వేసింది. తన పని ఎలా ఉంటుందో ఆమె ఎప్పుడూ చూడలేదు. చేసిన వెంటనే కడిగేస్తుంది. బాగా చేసిందంటేనే అక్కడ ఏమీ మిగలకూడదు. ఇదిగో, ఒక వారం కడగకపోతే ఇంత ఉందన్నమాట. ఫ్యాక్టరీ రీడింగుల్లాగా దీన్ని ఇంకో సార్ వచ్చి చూడనక్కర్లేదు. తరవాత ఆ సంతోషం అడుగు నుంచే దుఃఖం వచ్చింది, కళ్ళు తుడుచుకుంది. ఆ అరచేతి గుర్తు మీద తన చెయ్యి పెట్టి చూసుకుంది, సరిపోయింది.

భారతమ్మ మెట్లెక్కి వచ్చి, మోకాళ్ళు పట్టుకుని పక్కన కూలబడింది. మరకలన్నిటినీ ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసుకుంటూ వచ్చింది.

"ఇదంతా ఒక్క వారానిదేనా?" అంది.

"అవునత్తా."

"మీ మామ కడప నుంచి లారీలో బండలు దించినాడు. మేస్త్రి వచ్చి ఏసి పోయినాడు. ఎవురూ అడగలేదు, నేనూ చెప్పలేదు. నీ మాదిరి నాకు పిన్నీసు తోచలేదమ్మా, చీపురుపుల్లతో గీకేదాన్ని." ఆమె వేలితో పసుపు మరక అంచు తడిమింది. "అద్దం మాదిరి అంటాను గానీ, యాడ అద్దం? చీమలు అప్పుడూ ఉండె."

లోహిత ఆమె మొహంలోకి చూసింది. ఇన్నేళ్ళూ ఆ లేని అద్దంతో తనను పోల్చుకుని కుంగిపోయింది. కోపం రావాల్సిన మాటే. కాని ముసలామె చీపురుపుల్ల పట్టుకుని సందు గీకుతున్నట్టు కళ్ళకు కట్టి, కోపం సగంలోనే ఆగింది.

"పొయ్యి కింద వద్దన్నా గానీ, నీ చేతి కింద పెట్టమని నేనన్లేదే," అంది భారతమ్మ, తనలో తానే.

"ఎవురూ అన్లేదత్తా."

"హాలు వైపు పెట్టమను. నేను చెప్పినానని మాత్రం చెప్పొద్దు."

మోహన్ పళ్ళు తోముకుంటూ మిద్దె మీదికి వచ్చాడు. "ఇదేంది, ఎగ్జిబిషనా?" అన్నాడు. లోహిత చూపించింది. ఇదిగో నేను నిలబడేది, ఇదిగో నీళ్ళు, ఇదిగో ఎవరూ ముట్టని చోటు అని ఒక్కొక్కటీ విడమరిచి చెప్పింది. అతను వినకపోలేదు. పుక్కిలించి ఉమ్మి వచ్చి మరీ విన్నాడు.

"నువ్వు చెప్పేది కరెక్టే," అన్నాడు. "కానీ లోహితా, ఇంత ఖర్చు పెట్టి గోడ కొట్టించి, వచ్చినోళ్ళకి అతుకు చూపించాలనా? అతుకులో సిలికానో ఏదో మంచిది పెట్టిస్తాలే. నీకేం ఇబ్బంది ఉండదు. దావూద్‌కి చెప్పేసినా, రేపే కోస్తాడు."

"నీకేం ఇబ్బంది ఉండదు" అన్న మాట ఆమె ఇంతకు ముందు చాలాసార్లు విన్నది. ఉద్యోగంలో చేరేటప్పుడు, వంట ముగించుకుని వెళ్ళొచ్చులే అన్నప్పుడు. పాప పుట్టినప్పుడు. మామకు చక్కెర జబ్బు వచ్చినప్పుడు. ఒక్కసారి కూడా అబద్ధం చెబుతున్నాననుకుని అతను ఆ మాట అనలేదు. ఇబ్బంది ఎలా ఉంటుందో చూడని మనిషికి అది ఉండదనే అనిపిస్తుంది కదా. లోహిత ఫ్లెక్సీ చుట్టేసింది. గోడలకు రంగు నచ్చకపోతే మార్చొచ్చు, కర్టెన్ నచ్చకపోతే తీసేయొచ్చు. బండ ఒకసారి కోశాక మళ్ళీ అతకదు. ఇంకో ముప్పయ్యేళ్ళు, తన తర్వాత ఆ గట్టు ముందు నిలబడే ఇంకెవరో కూడా, ఆ సందులో చెయ్యి పెట్టాల్సిందే. రాత్రి అన్నం తింటున్నంతసేపూ ఆమె దాని గురించే ఆలోచించింది.

సోమవారం ఫ్యాక్టరీకి ఫోన్ చేసి మధ్యాహ్నం దాకా రానని చెప్పింది. స్కూటీ మీద పలమనేరు రోడ్డులో ఉన్న గ్రానైట్ షెడ్డుకు వెళ్ళింది. తెల్లటి రాతిపొడి, చెట్ల ఆకుల మీద కూడా అదే పొడి. లోపల పెద్ద రంపం బల్ల మీద తమ నల్లబండ పడుకోబెట్టి ఉంది. నీళ్ళ పైపు బ్లేడు మీదికి తిప్పి, దావూద్ స్విచ్చు దగ్గరికి పోబోతున్నాడు. బండకు అడ్డంగా చాక్‌పీసు గీత, మొన్న ఇంట్లో గీసిన కొలతకే.

"రాండమ్మా," అన్నాడు దావూద్, ఆశ్చర్యపోతూ. "సార్ రాలేదా?"

"లేదు. ఆ గీత మార్చాల దావూద్ భాయ్. కోత ఆడ కాదు, సింకు దాటినాక, హాలు వైపు రావాల."

దావూద్ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "నాకేమమ్మా, నేను యాడైనా కోస్తా. బలానికి హాలు వైపే మేలు. కానీ సార్ నిన్న గట్టిగా చెప్పినాడు గదా, ఈడే అని. ఆయన్ని ఒక మాట అడగకుండా నేనెట్ల కొయ్యాల? రేపు నా మీదికి రాదా?"

ఆమెకు మేనేజరు గుర్తొచ్చాడు. అయినా గొంతు పెరగనివ్వలేదు.

"అడుగు," అంది. "నేనే అడగమంటా ఉండా. ఫోన్ చెయ్యి. యాడ కొయ్యాలని మాత్రం అడగొద్దు. ఆ గట్టు కాడ ఆయన యాడ నిలబడతాడో అడుగు. ఆయన నిలబడే చోటు తప్పించి కోద్దాం."

దావూద్‌కు అదేదో న్యాయంగానే తోచింది. ఫోన్ చేసి, రెండు చేతులూ తడిగా ఉన్నాయని స్పీకరు పెట్టి బండ మీద ఉంచాడు.

"సార్, దావూద్‌ని. అమ్మ షెడ్డుకొచ్చిండాది. బండ కోసే ముందర ఒక మాట అడగమంటాది. వంటగట్టు కాడ మీరు యాడ నిలబడతారు సార్?"

"నేనా?" మోహన్ నవ్వాడు. వెనక బండ్ల హారన్లు వినిపిస్తున్నాయి. "నేనెందుకు నిలబడతానప్పా ఆడ?"

దావూద్ తల ఎత్తి లోహిత వైపు చూశాడు. అవతల నవ్వు ఆగిపోయింది. "హలో," అన్నాడు మోహన్, ఈసారి మెల్లగా. "లోహితా, ఉండావా?"

"ఉండా," అందామె. "అడగాల్సింది అదేనండీ. ఉంటా మరి." ఫోన్ ఆపేసి దావూద్‌కు ఇచ్చింది.

దావూద్ ఫోన్ వైపు చూశాడు, బండ వైపు చూశాడు. తరవాత తడి చేత్తో పాత గీతను అటూ ఇటూ రుద్ది చెరిపేసి, ఆ తడిని తువ్వాలుతో అద్ది, చాక్‌పీసు ఆమె ముందు పెట్టాడు.

"గీత మీరే గీయండమ్మా," అన్నాడు.

లోహిత టేపు పట్టి రెండుసార్లు కొలుచుకుంది. సోఫాలో ఎవరు కూర్చున్నా మొట్టమొదట కంట పడే చోట, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఎక్కడా ఆగకుండా గీసింది.